దినం కంటే ముందు చావు కాగితం

పోయిన నెల మేం ఒక మాదిగపల్లెకి పోయాం. పోయింది సంఘం మీటింగు కోసం. కానీ ఆ రాత్రి మీటింగు జరగలేదు. ఒకామె వచ్చి మధ్యలో కూర్చుంది. ముప్పై రెండేళ్లుంటాయేమో. ఇద్దరు పిల్లలు. భర్త సెంట్రింగ్ పనికి పోయేవాడు. పచ్చకామెర్లు ముదిరి మూడేళ్ల కింద ఇంట్లోనే కన్నుమూశాడు. అప్పటి నుంచి ఆమె వితంతు పింఛను కోసం తిరుగుతోంది. తిరిగిన ప్రతి చోటా అడిగిన ప్రశ్న ఒకటే: నీ భర్త చనిపోయినట్టు రుజువేది?

"పల్లె పల్లెంతా మోసింది సార్, వచ్చి అడుగు" అందట ఆమె. "పల్లెని తెచ్చి ఫైల్లో పెట్టలేం గదమ్మా" అన్నాడట ఆ సారు.

ఊళ్లో ఎవరు చచ్చినా కబురు మోసేది మనోళ్లే. డప్పు కొట్టేది మనమే. పాడె ముందు నడిచేది మనమే. గుంత తవ్వేదీ, కట్టెలు పేర్చేదీ మనమే. తరతరాలుగా ఊరి చావులన్నీ ఊరికి చాటినవాళ్లం, మన ఇంటి చావుని మాత్రం సర్కారు రిజిస్టర్లో ఒక్క గీత రాయించుకోలేకపోతున్నాం. ఆ ఒక్క గీత లేకే ఆమెకి మూడేళ్ల పింఛను పోయింది. నెలకి ఎంత అని లెక్క కట్టి చూడండి. ఇద్దరు పిల్లల బడి బట్టలు, బియ్యం, ఆమె మోకాళ్ల నొప్పి మందులు అన్నీ అందులో ఉన్నాయి.

అందుకే ఈసారి సంపాదకీయం ఆ కాగితం గురించీ, ఆ కాగితం వెనక ఉన్న డబ్బు గురించీ రాస్తున్నాం. ఉద్యమ పత్రికలో ఇదేం రాత అని కొందరు తమ్ముళ్లు ముక్కు విరవొచ్చు. రాజ్యాధికారం గురించి రాయకుండా రెండు వేల పింఛను గురించి రాస్తారా అనొచ్చు. రాస్తాం. కట్టుకున్నోడు పోయిన ఇంట్లో పొయ్యి వెలగడానికి సర్కారు ఇయ్యాల్సింది ఇప్పించలేని సంఘం, రాజ్యం తెస్తానంటే ఆ ఇల్లు ఎట్లా నమ్ముతుంది?

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఈ డబ్బు దానం కాదు. ఆఫీసు భాషలో మన ఆడబిడ్డని లబ్ధిదారు అంటారు. లబ్ధి ఎవరు పొందారు? ఆ మనిషి ఇరవై ఏళ్లు కట్టిన మేడల్లో ఎవరున్నారు? నాటు వేసి, కోత కోసి, కాలువ తీసి, రోడ్డేసి, మురికి ఎత్తి చచ్చిపోయినవాడికి రాజ్యం బాకీ ఉంది. అతను బతికుండగా కూలి సరిగ్గా ఇయ్యలేదు. సెలవు లేదు, మందు లేదు, ముసలితనానికి దాచుకునే దారి లేదు. పోయాక అతని ఇంటికి వచ్చేది ఆ బాకీలో ఒక చిన్న ముక్క. బాకీ వసూలుకి పోయేవాళ్లు చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు.

ఇంకో మాట కూడా ఉంది. బడి పుస్తకాల్లో వితంతువు అంటే వీరేశలింగం పంతులు కథే చెప్తారు. 1881లో రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయించాడు. మంచి పనే, కాదనం. కానీ గుండు గీసి మూల కూర్చోబెట్టిన ఆచారం మన వాడలది కాదు. మన దగ్గర మారుమనువు అనే మాటే ఉంది. పెద్దలు కూర్చుని కలిపేవాళ్లు. మన ఆడవాళ్లని మూల కూర్చోబెట్టే స్తోమత మనకెప్పుడు ఉంది గనక? మూడో రోజుకే కొడవలి పట్టుకుని పోవాలి. మన వితంతువుకి మొదటి నుంచీ ఉన్న సమస్య కూలి. ఒక కూలి ఆగిపోయి, ఉన్న ఒక్క కూలితో ఇల్లంతా నడవాలి. చట్టం చేసినవాళ్ల బుర్రలో మాత్రం ఇంకా ఆ మూల కూర్చున్న ఆమే ఉంది. మళ్లీ మనువాడితే పింఛను ఆపేస్తారు. రాష్ట్రాల పింఛనుకీ అదే రూలు, పీఎఫ్ పింఛనుకీ అదే రూలు. అంటే మారుమనువుకి సర్కారు జరిమానా వేస్తోందన్న మాట. దీని మీద మనం గట్టిగా మాట్లాడాల్సిన రోజు వస్తుంది. ప్రస్తుతానికి మాత్రం తెలుసుకుని ఉండండి. పీఎఫ్‌లో తల్లి మనువాడితే తల్లి పింఛను ఆగుతుంది గానీ పిల్లల పింఛను ఆగదు. ఆ మాట చెప్పకుండా మొత్తం ఆపేస్తే ఊరుకోవద్దు.

ఇక కాగితం సంగతి. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. చావు జరిగిన 21 రోజుల్లో పంచాయతీ సెక్రటరీకి చెప్పి రాయిస్తే పైసా ఖర్చు లేదు. పట్నంలో అయితే మున్సిపాలిటీలో. 21 దాటి నెల లోపయితే చిన్న ఆలస్య రుసుము. నెల దాటి ఏడాది లోపయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటిందా, ఇక సెక్రటరీ చేతిలో ఏమీ లేదు. ఆయన దగ్గర రికార్డులో పేరు లేదని కాగితం తీసుకుని, తహసీల్దారు విచారణ చేయించుకుని, ఆర్డీవో ఉత్తర్వు తెచ్చుకోవాలి. మొదటి మూడు వారాల్లో నోటి మాటతో అయ్యే పని ఏడాది తర్వాత నాలుగు ఆఫీసుల పని అవుతుంది. నాలుగు ఆఫీసులంటే ఎన్ని కూలి రోజులు పోతాయో, ఎన్ని చేతులు తడపాలో మీకు మేం చెప్పక్కర్లేదు.

ఇక్కడ మనోళ్లు ఎక్కువగా మోసపోయేది ఒక చోట ఉంది. చావు ఎక్కడ జరిగితే అక్కడే రాస్తారు. సొంత ఊళ్లో రాయరు. గుంటూరు పెద్దాసుపత్రిలో పోతే గుంటూరు కార్పొరేషన్లో, హైదరాబాద్ గాంధీలో పోతే అక్కడి కార్పొరేషన్లో. శవాన్ని ఊరికి తెచ్చి మన పంచాయతీలో అడిగితే సెక్రటరీ నాకు సంబంధం లేదంటాడు. ఆ మాట నిజమే. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేటప్పుడే వాళ్లిచ్చే చావు చీటీ జాగ్రత్త చెయ్యాలి. అందులో పేరు ఆధార్లో ఉన్నట్టే రాశారా అని చదువొచ్చిన పిల్లాడితో చూపించాలి. ఆధార్లో యేసయ్య, రేషన్ కార్డులో యేసు, కూలి మస్టర్లో ఏసోబు. మనిషి ఒక్కడే అని వాడకంతా తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. ఆ మూడు పేర్లూ ఒకడివే అని నిరూపించడానికి మళ్లీ అఫిడవిట్టు, నోటరీ, ఖర్చు.

దినం చెయ్యడానికి అప్పు తెస్తాం. పెద్దదినానికి వేట కోస్తాం. క్రైస్తవులైతే జ్ఞాపకార్థ కూడిక పెట్టి పాస్టరు గారిని పిలిచి వంద మందికి అన్నం పెడతాం. వద్దనం. పోయినవాళ్లని గౌరవించుకునే తీరు అది. కానీ ఆ పెద్దదినం లోపల ఇంట్లో ఎవరో ఒకరు పంచాయతీ ఆఫీసుకి పోయి రావాలి. ఆమె పోలేదు, ఏడుస్తూ ఉంటుంది. ఆమె చేత ఆ టైములో పని చేయించడం తప్పు. అది సంఘం పని. డప్పు కొట్టడానికి పిలవకుండానే పోతాంగా, దీనికీ అట్లాగే పోవాలి.

చావు ఎట్లా జరిగిందన్న దాన్ని బట్టి మిగతా డబ్బు ఆధారపడి ఉంటుంది. జబ్బు చేసి పోతే ఒక దారి. ప్రమాదంలో పోతే ఇంకో దారి. ప్రమాదానికి పోలీసు కేసూ పోస్టుమార్టమూ ఉండాలి. మనోళ్లకి పోస్టుమార్టం అంటే భయం. కోసి పోగులు పెడతారని, మార్చురీ దగ్గర డబ్బులు గుంజుతారని, శవం చేతికి వచ్చేసరికి రెండు రోజులు పడుతుందని. అన్నీ నిజాలే. ఆ భయాన్నే కొందరు వాడుకుంటారు. ట్రాక్టరు ట్రక్కు బోల్తా పడి కూలోడు చస్తే రైతు వచ్చి పది వేలు చేతిలో పెట్టి "కేసులెందుకులే, సాయంత్రానికి కానిచ్చేద్దాం" అంటాడు. పెద్దమనుషులు తలూపుతారు. సాయంత్రానికి కానిచ్చేస్తారు. ఆమె లక్షల్లో రావాల్సిన హక్కు పది వేలతో పాటు గుంతలోకి పోతుంది. బండికి ఇన్సూరెన్స్ ఉంటే క్లెయిము కోర్టులో కేసు వెయ్యొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని ఆరు నెలల్లో వెయ్యాలన్న నిబంధన వచ్చింది కాబట్టి చూద్దాంలే అనుకోవద్దు. గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే కూడా అదే ఏప్రిల్ నుంచి 2 లక్షల పరిహారం ఉంది. దానికి దరఖాస్తు ఆర్డీవో ఆఫీసులో, తహసీల్దారు ఆఫీసులో. ఎఫ్ఐఆర్ లేకపోతే ఇవేవీ లేవు. వడదెబ్బ సంగతీ అంతే. తెలంగాణ 2025లో ఎండ దెబ్బ చావుని విపత్తుగా ప్రకటించి 4 లక్షలు పెట్టింది. పొలంలో పడిపోయిన మనిషిని నేరుగా కాటికి తీసుకుపోతే అది వడదెబ్బ అని రేపు ఎవరు రాసిస్తారు?

ఇప్పుడు నెల నెలా పింఛను. మన ముసలోళ్లకి 75 రూపాయల పింఛను ఇంకా గుర్తే. ఇప్పుడు అంకె పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో వితంతువుకి 2024 జులై నుంచి నెలకి 4,000 చేశారు. తెలంగాణలో 2014 నవంబరులో వెయ్యితో మొదలై 2019 జులైలో 2,016 అయింది. 2023 ఎన్నికల్లో అక్కడ గెలిచిన పార్టీ 4,000 ఇస్తామని మాట ఇచ్చే గెలిచింది. ఆ మాట మన దగ్గర రాసిపెట్టి ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ 18 ఏళ్లు నిండిన వితంతువుకి పింఛను ఉంది. ఇంకా చిన్నదానివి, నలభై నిండాక రా అని ఎవరైనా అంటే అది అబద్ధం. ఆ నలభై ఏళ్ల లెక్క ఢిల్లీది. కేంద్రం 2009లో మొదలుపెట్టిన వితంతు పింఛనుకి నలభై ఏళ్లు నిండాలి, పేదరిక రేఖ కింద ఉండాలి. అప్పుడు 200. 2012లో 300 చేశారు. పదేళ్లు దాటినా కేంద్రం దాన్ని 300 దగ్గరే ఉంచింది. మూడు వందలు! ఒక రోజు కూలి. ఆ నలభై ఏళ్ల లెక్క కూడా ఎవరి ఆలోచనో చూడండి. ముప్పై ఏళ్ల ఆడమనిషి మొగుడు పోతే ఆమెకి ఆకలెయ్యదా?

పథకానికి పార్టీకొక పేరు పెడతారు. సర్కారు మారితే పేరు మారుతుంది, కార్డు మారుతుంది, బొమ్మ మారుతుంది. మన ఆడవాళ్లు కూడా ఫలానా ఆయన డబ్బులు అంటున్నారు. ఏ నాయకుడి ఇంట్లో నుంచీ రావడం లేదు అక్కా. నువ్వు కొన్న సబ్బు మీద కట్టిన పన్నులో నుంచి వస్తున్నాయి.

ఆంధ్రలో ఒక మంచి మార్పు వచ్చింది. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే, వేరే పింఛను లేని భార్యకి ఆ తర్వాతి నెల నుంచే వితంతు పింఛను ఇచ్చే పద్ధతి 2024 నవంబరు నుంచి పెట్టారు. దానికీ చావు సర్టిఫికెట్ కావాలి. కొత్తగా అడిగేవాళ్లకి మాత్రం మంజూరు ఎప్పుడో తెలియదు. ఉన్నవాళ్లు పోతేనే కొత్తవాళ్లకి అన్నట్టు నడుస్తుంది. అందుకే అర్జీ పెట్టిన రోజే రశీదు తీసుకోండి. రశీదు లేని అర్జీ గాలికి చెప్పుకున్న బాధ.

నెల పింఛను అందరికీ తెలుసు. ఒకసారి ఇచ్చే 20,000 సంగతి మాత్రం పదిమందిని అడిగితే తొమ్మిది మందికి తెలియదు. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం అని దాని పేరు. 1995 ఆగస్టు 15న మొదలైంది. అప్పుడు జబ్బు చావుకి 5,000, ప్రమాదానికి 10,000. తర్వాత తేడా తీసేసి, 2012లో 20,000 చేశారు. పేద కుటుంబంలో సంపాదించే మనిషి 18 నిండి 60 లోపు పోతే ఆ ఇంటికి ఇస్తారు. చావు ఏ రకమైనదైనా ఇస్తారు. తెలంగాణలో తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రలో సచివాలయంలో, మండలాఫీసులో రాతపూర్వకంగా అడగండి. లేదంటే లేదని వాళ్ల చేత కూడా రాతపూర్వకంగానే చెప్పించండి.

ఈ పథకం రూల్సులో మాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఇంటి పని చేసుకునే ఆడమనిషిని కూడా ఇల్లు నడిపే మనిషిగానే లెక్కించాలని అందులో రాసి ఉంది. అంటే భార్య చనిపోతే భర్త అడగొచ్చు. ఆమె కూలికి పోలేదు గదా అని తిప్పి పంపడానికి లేదు. భార్య పోయిన మగవాడి గురించి మన ఉద్యమం ఎప్పుడూ మాట్లాడలేదు. అతనికేం, ఆర్నెల్లు తిరక్కుండా ఇంకోదాన్ని చేసుకుంటాడు అంటారు. చాలామంది చేసుకుంటారు, నిజమే. చేసుకోనివాళ్లనీ మేం చూశాం. కాన్పులో భార్య పోతే ముగ్గురు పిల్లల్ని ముసలి తల్లి మీద వదిలి తాపీ పనికి బెంగుళూరు పోయినవాళ్లు, పోలేక ఊళ్లోనే సగం రోజులు పస్తున్నవాళ్లు. వాళ్లకి నెల పింఛను మన రెండు రాష్ట్రాల్లో లేదు. వృద్ధాప్య పింఛను వయసు వచ్చేదాకా ఆగాలి. హర్యానా 2023లో 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న పేద విధురులకి కూడా పింఛను పెట్టింది. ఇది రాస్తే మహిళా సంఘం అక్కలు కొందరు మా మీద కోపపడొచ్చు. ఆడవాళ్లకి ఇచ్చేది తగ్గించి ఇమ్మని మేం అనడం లేదు. చిన్నపిల్లలు ఉన్న ఇంటికి ఇమ్మంటున్నాం.

పిల్లల పేరు మీద వచ్చేది వేరే ఉంది. మిషన్ వాత్సల్య కింద వితంతువు పిల్లలకి, తల్లీతండ్రీ లేని పిల్లలకి నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అడగాలి. ఆ ఆఫీసు కలెక్టరేట్‌ల చుట్టుపక్కలే ఉంటుంది గానీ దాని గడప తొక్కిన మనోళ్లు బహు తక్కువ.

బ్యాంకు సంగతి మర్చిపోవద్దు. పోయినవాళ్ల పాస్ బుక్కు ప్రింటు కొట్టించండి. మే, జూన్ నెలల్లో 20 రూపాయలో, 436 రూపాయలో కోసుకున్నట్టు ఉందేమో చూడండి. ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకువాళ్లు ఏదో సంతకం పెట్టించుకుని ఉంటారు, మనకి గుర్తుండదు. ఆ 20 రూపాయలు ప్రమాద బీమా, 2 లక్షలు. ఆ 436 రూపాయలు ఏ చావుకైనా వచ్చే బీమా, అది కూడా 2 లక్షలు. 2015లో వచ్చిన పథకాలివి. ఇరవై రూపాయల గీతని ఎవరూ పట్టించుకోక, క్లెయిము వెయ్యక పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. వీలైతే నెలలోపే ఫారం ఇచ్చెయ్యండి. ఏ చావుకి ఏ ఫారమో బ్యాంకు మేనేజరు చెప్పాలి. చెప్పడం ఆయన ఉద్యోగం.

రైతు బీమా గురించి అడుగుతారని తెలుసు. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి, పది రోజుల్లో వేస్తారు. ఆపదలో ఉన్న ఇంటికి అంత తొందరగా వచ్చే డబ్బు ఇంకోటి లేదు. కానీ పట్టాదారు పాసుబుక్కు ఉన్నవాడే రైతు. అదే పొలంలో నాగలి పట్టినవాడు, కౌలుకి చేసినవాడు, మందు కొట్టి సొమ్మసిల్లినవాడు రైతు కాదు. గుంట భూమి ఉన్నా చాలు బీమా వస్తుంది. ఆ గుంట కూడా మనకి ఎందుకు లేదన్నది వందల ఏళ్ల కథ. భూమి లేనివాడి ఇంటికి బతికుండగా భూమి ఇయ్యలేదు, చచ్చినా బీమా ఇయ్యలేదు. భూమి లేని కూలి చావుకి కూడా అదే 5 లక్షలు పెట్టాలని మేం అడుగుతున్నాం. ఇనాం భూమి, అసైన్డ్ భూమి ఉన్న మనోళ్లు మాత్రం పాసుబుక్కులో పేరు మార్పించుకోకుండా తాత పేరు మీదే ఉంచుకోవద్దు. తాత ఎప్పుడో పోయాడు, బీమా కూడా అతనితోనే పోతుంది.

మున్సిపాలిటీల్లో మురికి ఎత్తేది మనోళ్లే కాబట్టి వాళ్ల గురించి కొంచెం ఎక్కువ రాయాలి. కాంట్రాక్టు పని అయినా జీతంలో పీఎఫ్, ఈఎస్ఐ కోస్తారు. ఒక్క నెల పీఎఫ్ కట్టి ఉద్యోగంలో ఉండగా పోయినా సరే, భార్యకి పింఛను వస్తుంది. పనిచేసేది భార్య అయితే భర్తకి వస్తుంది. ఇక్కడ ఆడా మగా తేడా లేదు. 2014 సెప్టెంబరు నుంచి అది కనీసం 1,000. పాతికేళ్ల లోపు ఇద్దరు పిల్లలకి తల్లి పింఛనులో నాలుగో వంతు చొప్పున వేరే. దీనికి తోడు పీఎఫ్‌తో పాటే ఉండే బీమా కింద 7 లక్షల దాకా ఒకేసారి వస్తుంది, జీతాన్ని బట్టి. చాలామంది పీఎఫ్ డబ్బు తీసుకుని అంతే అనుకుంటారు. మూడూ వేరు వేరు అని గుర్తుపెట్టుకోండి: పీఎఫ్, పింఛను, బీమా. పెళ్లికి ముందు అమ్మ పేరో నాన్న పేరో నామినీగా రాసి వదిలేసినవాళ్లు ఉంటారు. పెళ్లయ్యాక ఆ నామినేషన్ చెల్లదు, అత్తాకోడళ్లు కొట్టుకోవద్దు. కాంట్రాక్టరు కోసుకుని కట్టకపోతే అసలు యజమాని మున్సిపాలిటీయే. దాన్నే పట్టుకోవాలి.

పని చేస్తూ ప్రమాదంలో పోతే ఈఎస్ఐ కూలిలో 90 శాతం లెక్కగట్టి కుటుంబానికి నెల నెలా ఇస్తుంది. అందులో అయిదింట మూడు వంతులు భార్యకి. అంత్యక్రియలకి 15,000. ఈఎస్ఐకి పునాది పడింది బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న 1942-46 రోజుల్లోనే అని మనవాళ్లకి చెప్పండి.

మ్యాన్‌హోల్లో, సెప్టిక్ ట్యాంకులో దిగి చచ్చినవాళ్ల లెక్క వేరే. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చిలో సుప్రీంకోర్టు 1993 నుంచి అట్లా చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇయ్యమంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. ప్రైవేటు అపార్టుమెంటు ట్యాంకు అయినా, రోజు కూలికి పిలిచినా హక్కు పోదు. కాంట్రాక్టరు రెండు లక్షలు ఇచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటానంటే వెయ్యొద్దు. ఎఫ్ఐఆర్లో మనిషిని మురికి తియ్యడానికి దింపారనే రాయించండి. కాలు జారి పడ్డాడని రాస్తే 30 లక్షలూ జారిపోతాయి.

గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చినవాళ్ల ఇళ్లకి: తెలంగాణ 2023 డిసెంబరు 7 తర్వాత అక్కడ చనిపోయిన కూలీల కుటుంబానికి 5 లక్షలు పెట్టింది. అక్కడి చావు కాగితం, రద్దయిన పాస్‌పోర్టు పారెయ్యొద్దు.

చివరికి రాయాలని లేకపోయినా రాయాల్సినది. కులం పేరు మీద మనోడిని చంపితే ఏమిటి? 1985 జులైలో కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు అత్యాచార నిరోధక చట్టమే లేదు. ఆ వితంతువులకి వచ్చిందేదైనా రోడ్డు మీద కూర్చుని కొట్లాడితే వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపేనాటికి చట్టం ఉంది, రూల్సు లేవు. రూల్సు 1995లో వచ్చాయి. 2016లో మార్చారు. ఇప్పుడు హత్యకి 8 లక్షల 25 వేలు. సగం పోస్టుమార్టం అయ్యాక, సగం చార్జిషీటు కోర్టుకి పోయాక. ఇంతవరకే చాలామందికి తెలుసు. దాని కింద ఉన్నది అసలైనది: వితంతువుకి లేదా ఆధారపడ్డవాళ్లకి నెలకి 5,000 మూల పింఛను, దాని మీద సర్కారు ఉద్యోగికి లెక్కగట్టినట్టే కరువు భత్యం. ఇంట్లో ఒకరికి ఉద్యోగం. సాగు భూమి, ఇల్లు. పిల్లలకి డిగ్రీ దాకా చదువు ఖర్చు. మూడు నెలలకి బియ్యం, పప్పు, గిన్నెలు. ఇవన్నీ మూడు నెలల్లోపు ఏర్పాటు చెయ్యాలి. కరువు భత్యం పెరిగినప్పుడల్లా ఈ పింఛనూ పెరగాలి. మూల పింఛను దగ్గరే ఆపేస్తే మిగతాది బాకీ కింద లెక్క. కేసు కోర్టులో ఉంది, తీర్పు రానియ్యండి అంటారు. తీర్పుకీ దీనికీ ముడి లేదు. చుండూరు కేసులో శిక్ష పడడానికే 2007 దాకా పట్టింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ వితంతువులు తీర్పు చూసి అన్నం తినాలా?

ఇన్ని కాగితాలు ఒక ఆడమనిషి ఒంటరిగా తెచ్చుకోలేదు. అందుకే దళారి వస్తాడు. సగం నాకు, సగం నీకు అంటాడు. అతను చేసే పనేమిటి? తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తేవడం, నాలుగు జెరాక్సులు తీయించడం, ఫారం నింపడం. పదో తరగతి చదివిన మన పిల్ల ఈ పని చెయ్యలేదా? ప్రతి పల్లెలో సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలి. ఎవరు పోయారు, ఏ రోజు, ఎట్లా పోయారు, 21వ రోజు ఏ తారీఖు, ఏ అర్జీ ఎప్పుడిచ్చాం, రశీదు నంబరు ఎంత. పాత చావులు కూడా రాయండి. గత పదేళ్లలో మీ పల్లెలో పోయినవాళ్లలో ఎంతమందికి సర్టిఫికెట్ ఉందో లెక్క తీసి మాకు పంపండి. ఏడాది దాటినవన్నీ ఒక కట్ట చేసి ఆర్డీవో దగ్గరికి ఒకే రోజు పోదాం. ఒక్కరు పోతే రేపు రా అంటారు, నలభై మంది పోతే కుర్చీ వేస్తారు.

మొదట చెప్పిన ఆమె అర్జీ సంఘం పిల్లలు రాశారు. సెక్రటరీ నుంచి పేరు లేదన్న కాగితం వచ్చింది. విచారణకి వచ్చిన వీఆర్వో ముందు పల్లె పెద్దలు అయిదుగురు సంతకాలు పెట్టారు. పాడె మోసిన నలుగురిలో ముగ్గురు అందులో ఉన్నారు, నాలుగోవాడు వలస పోయాడు. ఫైలు ఇప్పుడు ఆర్డీవో ఆఫీసులో ఉంది. వచ్చే సోమవారం గ్రీవెన్సు రోజు. ఆమెతో పాటు ఆ పల్లె నుంచి ఇంకో పదకొండు మంది వెళ్తున్నారు, మేమూ వెళ్తున్నాం.